తీగకూ శబ్దానికీ మధ్య

అసుర సంధ్య...!

పగలు ఇంకా చావలేదు. రాత్రి ఇంకా పుట్టలేదు. ఆ రెంటి నడుమ ఆకాశం కాటుక పులుముకున్నట్లు నల్లబడింది. పడమటి దిక్కున మేఘాలు ఒకదాన్నొకటి ఢీకొని భీకరంగా గర్జిస్తున్నాయి. వీధి దీపాలు వెలగకముందే ఎక్కడి నుంచి వచ్చిందో ఒక గుడ్లగూబ... మూడో అంతస్తు కిటికీ ఎదుట కరెంటు తీగ మీద వాలి, రెప్ప వెయ్యకుండా లోపలికి చూస్తోంది.

లోపల కంప్యూటర్ ముందు ఇద్దరు అక్కచెల్లెళ్లు. పెద్దది ఊరంతటి కంప్యూటర్లకూ రోగాలు కుదిర్చే మెకానిక్కు. చిన్నదాన్ని ఇంట్లో చిట్టి అంటారు. దాని ఒళ్ళో ఎలక్ట్రిక్ గిటారు. ఎల్లుండి దాని తొలి రికార్డింగు.

చిట్టి తీగ మీటింది.

నిశ్శబ్దం...!

నిండా ఒక ఊపిరి తీసుకునేంత సేపు నిశ్శబ్దం. ఆ తర్వాత గానీ స్పీకర్లలో ఆ స్వరం పలకలేదు.

"చూశావా, మళ్ళీ అదే! ఇలాగైతే తాళం ఎలా పట్టుకునేదక్కా?"

"కాస్త ఆగవే, నా ప్రాణం తియ్యకు. కంప్యూటర్ శబ్దాన్ని చుక్కచుక్కగా మొయ్యదు. బకెట్ నిండాకే మోస్తుంది. దాన్నే బఫర్ అంటారు. బకెట్ చిన్నదైతే మోత తొందరగా అవుతుంది."

అక్క బఫర్‌ను అయిదువందల పన్నెండు నుంచి అరవై నాలుగుకు దించింది. పెట్టెను నడిపించే పాత డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది వేసింది. తీగల్లేని హెడ్‌ఫోన్లు పక్కన పడేసి తీగ ఉన్నవి పెట్టింది. ప్రతిధ్వనులూ, హంగులూ అన్నీ ఆపేసింది. తెర మీద ఆలస్యం ఆరు మిల్లీసెకన్లని చూపిస్తోంది. రెప్పపాటులో పిసరంత కూడా కాదది!

చిట్టి మీటింది. మళ్ళీ అదే ఎడం.

అక్క తెర మీది అంకెను మళ్ళీ చూసింది. కంప్యూటర్ లెక్క ప్రకారం శబ్దం ఎప్పుడో వచ్చెయ్యాలి. మరి మిగతా కాలమంతా అది ఎక్కడ ఉంటోంది? ఎవరి దగ్గర ఉంటోంది...?

గిటారుకూ కంప్యూటర్‌కూ నడుమ ఒక నల్లటి పెట్టె ఉంది. తీగ శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే పెట్టె. కింది అంతస్తులో ఉండే గిటారు మాస్టారు మొన్ననే దాన్ని చిట్టికి బహుమతిగా ఇచ్చాడు. ఒకప్పుడు ఆయన వేళ్ళు తీగల మీద నాట్యమాడేవట. పక్షవాతంతో రెండు చేతులూ ఎండిపోయాక నోటి మాటతోనే చిట్టికి పాఠాలు చెబుతున్నాడు. పెట్టె ఇస్తూ చిట్టి వేళ్ళ వంక తినేసేలా చూసి, "ఇవి నీ దగ్గరున్నాయంతే తల్లీ, నిజానికి నావి" అన్నాడు. ముచ్చట కొద్దీ అన్నాడనుకున్నారు ఇద్దరూ.

చిట్టి ఈసారి మూడు స్వరాలు మీటింది.

ఒక ఊపిరి తర్వాత... స్పీకర్లు నాలుగు పలికాయి!

నాలుగోది స్వరం కాదు. ఎవరో పళ్ళ సందున నవ్వును నలిపిన చప్పుడు.

చిట్టి చప్పున తల తిప్పింది. పెదాలు కదిలాయి. మాట రాలేదు. పెదాలు మూతపడ్డాక... నోరు మూసుకుని ఉన్న ఆ ముఖంలోంచి వెలువడింది కేక.

"అక్కా...!"

ఆలస్యం గిటారును దాటి మనిషిలోకి పాకింది!

ఫెళఫెళార్భాటంతో పిడుగు పడింది. చిట్టి కనుగుడ్లు తేలిపోయి తెల్లబడ్డాయి. జుట్టు విరబోసుకుంది. వేళ్ళు తమంతట తామే తీగల మీద పిచ్చిగా పరుగెత్తసాగాయి. చర్మం చిట్లి రక్తం చిమ్ముతున్నా ఆగలేదు. అంతకంతకూ ఎండుపుల్లల్లా వాడిపోతున్నాయి. దాని కంఠంలోంచి ఒక మగ గొంతు వికటంగా గర్జించింది.

"ఈ సందు నాది! ఇందులోకి వచ్చిందంతా నాది!"

అక్క ఒక్క ఉదుటున గిటారు కేబుల్ పీకేసింది. ఆ మరుక్షణమే చిట్టి మొదలు నరికిన చెట్టులా కూలింది. ఛాతీ కదలడం లేదు. పెదాలు నీలం తిరుగుతున్నాయి. అక్క కేబుల్‌ను మళ్ళీ గుచ్చింది. యుగం లాంటి ఒక ఎడం... తర్వాత ఛాతీ లేచింది. చెల్లెలి ఊపిరి కూడా ఆ పెట్టెలోంచే నడుస్తోంది!

స్క్రూడ్రైవర్‌తో పెట్టె మూత విప్పింది. సన్నని రాగి దారుల నడుమ, నల్లటి వెంట్రుకలు చుట్టిన ఒక ఎముక ముక్క. మనిషి పుర్రె చెక్క! ముట్టుకోబోతే చెయ్యి నిప్పు తాకినట్లు చుర్రుమంది.

అప్పుడు చూసింది తెర వంక. పెట్టెకు రెండో కంత ఉంది. అందులో ఏ తీగా లేదు. అయినా తెర మీద దాని శబ్దం కొలత ఆకుపచ్చగా ఎగిరెగిరి పడుతోంది. అక్క హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ రెండోదాన్ని విన్నది. ఘోరమైన మంత్రోచ్చారణ... ఎవరిదో తెలిసిన గొంతు! అదే క్షణంలో ఆమె మరో సంగతి గమనించింది. చెవిలో పలుకుతున్న ప్రతి అక్షరమూ ఒక ఊపిరి ముందే ఆమె అరికాళ్ళ కింద, గచ్చులో అదురుతోంది.

కింది అంతస్తు!

మెట్లు ఎలా దిగిందో తెలియదు. మాస్టారి తలుపును భుజంతో గుద్ది లోపల పడింది.

గది నిండా చితి కాలుతున్నట్లు చమురు పొగ. నేల మీద నల్లటి బూడిదతో గీసిన వలయం. వలయం మధ్యలో పుర్రె! పుర్రె కంటి గుంతలోంచి బయల్దేరిన కేబుల్ కంప్యూటర్‌లోకి పోతోంది. అక్కణ్ణుంచి మరొకటి మనిషెత్తు యాంప్లిఫయర్‌కు. ఎదుట మాస్టారు! ఆయన ఎండు చేతులు నెత్తురు పట్టి నిగనిగలాడుతూ నిండుతున్నాయి. ఆ చేతులకు చిట్టి వేళ్ళు మొలుస్తున్నాయి!

"వచ్చావా పిల్లా?" అని నవ్వాడు. "తీగ మీటడానికీ శబ్దం పుట్టడానికీ మధ్య ఒక సందుంటుంది. దేవతలు సైతం తొంగిచూడని చీకటి సందు! నీ చెల్లెల్ని అందులో కూర్చోబెట్టాను. చీకటి పడేలోగా దాని వేళ్ళు నావి. ఆ తర్వాత... ఇదిగో, దీని పక్కన ఇంకో పుర్రె! దీని చేతులు నా దగ్గర ఎక్కువ రోజులు నిలవలేదు."

పుర్రె కింద పొడవాటి జడ పాములా చుట్టుకుని ఉంది. ఆ జడను అక్క ఎరుగును. చిట్టి కంటే ముందు ఇక్కడ నేర్చుకున్న అమ్మాయిది. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా మోకాళ్ళ దాకా ఊగుతుండేది. సంగీతం మానేసి ఎవరితోనో లేచిపోయిందని ఊరందరికీ చెప్పింది ఈ మాస్టారే!

"నీచుడా!" అంటూ మీదికి ఉరికింది అక్క. ఆయన వేలు కదిపాడు. కంటికి కనబడని పిడికిలేదో ఆమెను గోడకేసి కొట్టింది. కళ్ళ ముందు చీకట్లు కమ్ముతున్నాయి...

ఆ చీకట్లోనే ఆమె ఒకటి చూసింది. పుర్రె దవడ కదులుతోంది. బిగ్గరగా, తెగించి, ఏదో అరుస్తున్నట్లు! కానీ యాంప్లిఫయర్‌లోంచి, ఒక ఊపిరి తర్వాత, వినయంగా గొణుగుడు మాత్రమే వస్తోంది. ఈ పుర్రె గొంతునూ ఆ సందే నమిలేస్తోంది. కంప్యూటర్‌లో ఆపి మాస్టారు దాని కేకను మంత్రంగా మార్చుకుంటున్నాడు!

నడుమ ఉన్నదాన్ని తీసేస్తే?

మోకాళ్ళ మీద పాకింది. గోళ్ళు విరుగుతున్నా పాకింది. కంప్యూటర్ వెనక నుంచి పుర్రె కేబుల్‌ను ఊడబెరికింది.

"వద్దు! దాన్ని ముట్టుకోకు!" మాస్టారి గొంతులో తొలిసారి భయం!

అక్క ఆ కేబుల్‌ను తిన్నగా యాంప్లిఫయర్‌లో గుచ్చి, శబ్దం పెంచే మీటను చివరిదాకా తిప్పింది.

సందు లేదు. ఎడం లేదు. దవడ తెరుచుకున్న క్షణమే కేక!

"నా...  చేతులు...  నాకివ్వు...!"

అద్దాలు భళ్ళున పగిలాయి. గోడలు బీటలు వారాయి. ఇన్నాళ్ళుగా నొక్కిపెట్టిన ఒక ఆడపిల్ల ఆగ్రహం ప్రళయంలా గదిని ముంచెత్తింది. నల్లని జడ బుస కొడుతూ లేచింది. మాస్టారి మణికట్లను చుట్టి నులిమింది. దొంగిలించిన నెత్తురు ఆవిరై, చేతులు బొగ్గులై, భుజాలూ మెడా పగుళ్ళు విచ్చాయి. అరవడానికి వాడు నోరు తెరిచాడు. చప్పుడు లేదు! తెరిచిన నోటితోనే బూడిదై నేల రాలాడు.

గది నిశ్శబ్దమైంది.

ఒక ఊపిరి తర్వాత... ఖాళీ కుర్చీలోంచి వాడి చావుకేక వినవచ్చింది.

అక్క పైకి పరుగెత్తింది. చిట్టి గోడకు చేరగిలబడి వెక్కివెక్కి ఏడుస్తోంది. వేళ్ళన్నీ పుళ్ళు. అయినా వేళ్ళున్నాయి. అక్క దాన్ని ఒళ్ళోకి లాక్కుని, దాని ఛాతీ మీద చెయ్యి వేసి, లేస్తూ పడుతున్న ఊపిరిని చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది.

మర్నాడు ఇద్దరూ ఆ పొడుగుజడ అమ్మాయి తల్లిని వెతుక్కుంటూ వెళ్ళారు. తెల్లగుడ్డలో చుట్టిన పుర్రెను పక్కన పెట్టుకుని, జడను ఒళ్ళో పరుచుకుని, ఆవిడ కన్నీరు పెట్టకుండా అంతా విన్నది.

"ఆఖర్న... ఏమన్నా అందా అమ్మా?"

"అరిచిందమ్మా" అంది అక్క. "ఇల్లంతా అదిరిపోయేలా అరిచింది."

ఆవిడ ఆ జడను రెండు చేతులా గుండెకు అదుముకుంది.

"అరుస్తుంది" అంది. "చిన్నప్పట్నుంచీ దానిది పెద్ద గొంతే."