కూత మెకానిక్ విన్న గురగుర

రోడ్డు చివర, కలప గోడౌన్ పక్కన ఉన్న రేకుల షెడ్డుకి ఆరు నెలలుగా మంచి పేరు లేదు. ముందు తలుపుకి తాళం. లోపల కరెంటు లేదు. అయినా కొన్ని రాత్రుళ్లు అందులో చెట్లు కోసే రంపం మిషను నడుస్తుంది... ఓ పది నిమిషాలు నడిచి ఆగిపోతుంది. తెల్లారి వెళ్లి చూస్తే తాళం వేసింది వేసినట్టే ఉంటుంది.

గోడౌన్ కాపలా మనిషి మొదటిసారి విన్నప్పుడు చెప్పులు అక్కడే వదిలేసి వచ్చాడట. ఆ తర్వాత చెప్పుల కోసం కూడా వెళ్లలేదు.

అది ఎవరి దెయ్యమో ఎవరికీ అనుమానం లేదు. ఆ షెడ్డులో ముప్పై ఏళ్లు రంపం మిషన్లు బాగుచేసి, స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయిన పెద్దమెకానిక్‌ది. చచ్చినా పని మానలేదు పాపం, అనుకునేవాళ్లు. తండ్రి పోయాక కొడుకు ఆయన స్టూలు, బల్ల, నీలం కోటు వదిలేసి మిగతా సామానంతా మెయిన్ రోడ్డు మీది కొత్త షాపుకి మార్చేశాడు. మళ్లీ షెడ్డు వైపు తొంగిచూడలేదు. భయమా అని అడిగితే, తీరిక లేదనేవాడు.

ఆ కొడుకునే అందరూ కూత మెకానిక్ అంటారు. అతని చేతిలో పడ్డ మిషను కూత పెట్టి తీరాల్సిందే. సైలెన్సర్ విప్పి ఇంకో రంధ్రం వేస్తాడు, పొగ తేలిగ్గా బయటికి పోవాలని. కార్బురేటర్ స్క్రూ మరీ తిరక్కుండా కంపెనీవాళ్లు పెట్టిన ప్లాస్టిక్ టోపీలు పీకేస్తాడు. ఇక స్క్రూ బిగించుకుంటూ పోతాడు. బిగించేకొద్దీ పెట్రోలు తగ్గుతుంది, కూత పెరుగుతుంది. అక్కడ చెట్లు కొట్టేది అతని బావ జట్టు ఒక్కటే. వాళ్ల మిషన్లన్నీ ఇతని దగ్గరికే వస్తాయి. ఇంతవరకు ఒక్కటి కూడా చెడిపోయి వెనక్కి రాలేదు. ఆ సంగతి రోజుకి రెండుసార్లయినా తనే చెప్పుకుంటాడు.

ఆ సాయంత్రం ఆరింటికి బావ వచ్చి తన మిషను పట్టుకెళ్లాడు. మర్నాడు పొద్దున్నే బడి పైకప్పు మీదికి వాలిన పెద్ద చెట్టు తీయాలి. నడుముకి తాడు కట్టుకుని నలభై అడుగుల ఎత్తులో పని. సగం కోసిన కొమ్మ దగ్గర మిషను ఆగిపోతే, ఆ కొమ్మ ఎటు విరిగి ఎవరి మీద పడుతుందో చెప్పలేం.

ఎనిమిదిన్నరకి షాపు మూసి బయల్దేరితే, రోజూ వెళ్లే వీధిని పైపుల కోసం తవ్వేసి ఉంచారు. మిగిలింది షెడ్డు దారే.

"మా నాన్న షెడ్డేగా, నాకేంటి భయం," అని పైకే అనుకుంటూ నడిచాడు. అడుగులు మాత్రం కాస్త పెద్దవే పడ్డాయి.

గోడౌన్ దాటాడు... అక్కడితో వీధిలైట్లు అయిపోయాయి.

అప్పుడు వినబడింది. స్టార్టర్ తాడు లాగిన చప్పుడు. ఒకటి... రెండు... మూడోసారికి మిషను అందుకుంది. వెంటనే కూత — సన్నగా, పైపైకి.

అక్కడే ఆగిపోయాడు. తను చేసిన మిషను గొంతు తనకి తెలియదా? అది బావ మిషను. రెండున్నర గంటల కిందట తన చేతుల్లోంచి వెళ్లిన మిషను... తాళం వేసిన షెడ్డులో, పోయిన తండ్రి దగ్గరికి ఎలా చేరింది?

బావకేమైనా అయిందా —

బావకి ఫోను చేశాడు. మోగింది... మోగింది... ఎవరూ ఎత్తలేదు.

లోపల కూత తగ్గింది. కొంచెం... ఇంకొంచెం. ఆ సన్నటి గొంతు కాస్తా గురగురమనే బొంగురు గొంతు అయింది. చిన్నప్పటినుంచి విన్న గురగుర అది. నాన్న సవరించిన మిషనే అలా మోగేది, ఇంకెవరి చేతా మోగేది కాదు.

"నాన్నా..." అనబోయాడు.

మిషను ఆగింది. లోపల ఎవరో దగ్గారు. స్టూలు కిర్రుమంది.

మామూలుగా అయితే ఈపాటికి ఇల్లు చేరి దుప్పటి కప్పుకునేవాడే. కానీ బావ... వెనక గోడకి వెళ్లాడు. ఒక రేకు పక్కకి జరిపి ఉంది. గుండె చిక్కబట్టుకుని తల లోపల పెట్టాడు.

పొగ. పొగలో తండ్రి నీలం కోటు. కోటు మీద మొహం లేదు, వెలుగే ఉంది... ఆ వెలుగు మెల్లగా ఇటు తిరిగింది.

"వంగి రా. రేకు గీరుకుంటుంది," అంది దెయ్యం. అచ్చం అక్క గొంతుతో.

నుదుటికి కట్టుకున్న లైటు విప్పి బల్ల మీద పెట్టింది. అక్కే. బావ పెళ్లాం.

అతను ఉన్నచోటే చతికిలబడ్డాడు. "నువ్వేంటక్కా ఇక్కడ?"

"మీ బావ ఎనిమిదింటికే పడుకున్నాడు. ఇంట్లో స్టార్ట్ చేస్తే లేస్తాడు, లేస్తే నీకు చెబుతాడు."

"మిషను బానే ఉంది కదా."

"ఏం బాగు? సైలెన్సర్‌కి ఇంకో రంధ్రం వేశావు, గాలి ఎక్కువ వెళ్తోంది. అప్పుడు పెట్రోలు కూడా పెంచాలి, నువ్వు తగ్గించావు. పిస్టన్‌కి ఆయిల్ అందేది ఆ పెట్రోలులోంచేగా? కాసేపు గట్టిగా కోస్తే పిస్టన్ కాలి బిగుసుకుపోతుంది, మిషను ఆగిపోతుంది. ఉత్తినే తిప్పినప్పుడు గురగురమనాలి, కర్రలో దిగాక గొంతు విప్పాలి."

అతనికి మెల్లగా ఇంకోటి తట్టింది.

"అక్కా... మరి మిగతా రాత్రుళ్లు?"

"మీ బావ జట్టు మిషన్లు. రాత్రిపూట అన్నీ మా ఇంట్లోనే పెడతారుగా. పదకొండు చేశాను."

పదకొండు. చెడిపోయి వెనక్కి రాని పదకొండూ. సిగ్గుతో అతని మొహం మండిపోయింది.

"నాతో చెప్పొచ్చుగా."

"మొదట్లోనే చెప్పాను. 'నాన్న పని నేర్పింది నాకు, నీకు కాదు' అన్నావు. నిజమే. నీ చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చాడు, నన్ను లైటు పట్టుకోమన్నాడు. చెవులు ఇద్దరికీ ఉన్నాయి కదరా." అక్క మిషను తుడుస్తూ గొంతు తగ్గించింది. "రేపు ఎక్కేది నా మొగుడు. నీ కూత నమ్ముకుని నేను కింద నిలబడలేను."

అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ మిషను మోసుకుంటూ అక్క వెనకే వాళ్లింటిదాకా నడిచాడు.

పొద్దున బడి దగ్గర జట్టంతా చేరింది. బావ పైకెక్కి మిషను స్టార్ట్ చేశాడు. గురగుర. కొమ్మకి ఆనించగానే గొంతు విప్పుకుని దిగిపోయింది. కింద ఎవరో మెకానిక్ భుజం తట్టి, "నీ పనే పనోయ్," అన్నారు.

అతను అక్క వైపు చూశాడు. తల పైకెత్తి అందరికీ వినబడేలా అరిచాడు.

"అది నేను చేసింది కాదు బావా. అక్క చేసింది."

బావ మిషను ఆపి, కళ్లజోడు మీద రంపంపొట్టు ఊదుకున్నాడు.

"తెలుసులే బామ్మర్దీ. తెలియకపోతే ఎక్కేవాడినా? కొమ్మ కిందనుంచి జరుగు."