కాలవ రేవు దారిలో పడుగు

"ఆగండాగండి. అది దారి కాదు, పడుగు."

నేతవాళ్ళమ్మాయి వీరమ్మ కేకకు ఓవర్సీరు మాలకొండయ్య బ్రేకు నొక్కేలోగానే సైకిలు ముందు చక్రం నూలులోకి దూరింది. ఏడెనిమిది పోగులు తెగాయి.

అప్పుడే తెల్లవారుతోంది. బజారుకీ కాలవ రేవుకీ మధ్య జాగా పొడవునా నేతవాళ్ళు మగ్గానికెక్కించే నిలువు పోగుల పడుగు చాచి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వుతున్నారు. కొలత మరోసారి చూసుకుందామని పొద్దున్నే వచ్చాడతను. పాడుపడ్డ రేవును మళ్ళీ ఊరితో కలిపే ప్లాను అతనిదే. బజారునుంచి నీటిదాకా రోడ్డు, నడిమధ్యన పూలమొక్కలూ చెట్లూ, పడవలకోసం కూర్చునేవాళ్ళకు మెట్లు. సర్వేకి వచ్చిన వారం రోజులూ మిట్టమధ్యాహ్నమే వచ్చాడు. వీరమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగుతూ, లోపలి మగ్గం చప్పుడు వింటూ, వాళ్ళ అరుగు మీదే కూర్చుని ఇక్కడ 'ఖాళీ జాగా' అని రాశాడు.

"సాయంత్రం పంచాయతీ మీటింగులో మీ ప్లాను ఖాయం చేస్తారంటగా. ఇక పడుగు మీ పూలమొక్కల మీద చాచుకోవాలా మేం?"

అతను గొంతుక్కూర్చుని, వేళ్ళు తడిచేసుకుని, తెగిన కొసలు కలిపి మెలిపెట్టి ఒక్కొక్కటే అతుకుతున్నాడు. వీరమ్మ కాసేపు ఆ వేళ్ళనే చూసింది.

"ఈ అతుకు ఏ కాలేజీలో నేర్పుతారండీ, ఓవర్సీరుగారూ?"

అతని చెవులు కందిపోయాయి.

"మంగళగిరిలో. మా ఇంట్లో."

"అంటే, తెలిసే ఖాళీ అని రాశారా?"

ఎండెక్కితే పడుగు చుట్టేస్తారని అతనికి తెలియక కాదు. ఆఫీసులో తనది నేత ఇల్లన్న సంగతి బయటపడకూడదని, ఆ పని తలుచుకోవడమే మానేశాడు. మానేసినవాడికి కంటి ముందున్నదీ కనబడలేదు.

సాయంత్రం మీటింగులో లేచి నిలబడ్డాడు. "ప్లాను తప్పండి. నేను మగ్గం ఇంట పుట్టినవాణ్ణి. చూడాల్సిన వేళకు రాలేదు." ఎవరో కిసుక్కున నవ్వారు. తల వంచుకునే, ప్లాను కాగితం మీద పూలమొక్కలు కొట్టేసి చెట్లను రెండు అంచులకూ జరిపాడు. పొద్దున పడుగు, ఎండెక్కాక బళ్ళు.

వెనకనుంచి వీరమ్మ తండ్రి రోశయ్య అన్నాడు: "ఇంకా ఎడంగా జరుపు నాయనా. ఆకు రాలితే గంజికి అంటుకుంటుంది."

అలాగే జరిపాడు. మీటింగు ఒప్పుకుంది.

మర్నాడు తెల్లవారేసరికి వచ్చి పడుగు కొస పట్టుకున్నాడు. అవతలి కొస వీరమ్మది.

"నేల చూస్తే పోగు వదులవుతుంది. ఇటు చూడండి."

"సిగ్గుగా ఉందండి."

"ఉండాలి లెండి. రోజూ వస్తానన్నారని మీ అమ్మగారికి చెప్పారా?"

"నేననలేదే."

"అనండి మరి."

మధ్యలో కుంచె ఆడిస్తున్న రోశయ్య తల ఎత్తలేదు. "వాళ్ళమ్మగారికి నేను కబురు పెడతాలే. ముందు గట్టిగా లాగండి ఇద్దరూ."