ఆ నిమిషం ఎవరూ మాట్లాడకూడదు

"తర్వాతి డైలాగ్ ఎవరిది?"

గదిలో అందరూ ఊపిరి బిగబట్టి నిలబడి ఉండగా డైరెక్టరు నోట జారిన మాట అది.

సౌండమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుంది. "ఎవరిదీ కాదండీ. షాట్ అయ్యాక ఖాళీ గది చప్పుడు ఒక నిమిషం రికార్డు చేస్తాం. ఎడిటింగ్‌లో అతుకులు తెలియకుండా అదే కాపాడుతుంది."

"ఖాళీ గదికి చప్పుడేంటండీ?"

"మీరు మాట్లాడకపోతే వినిపిస్తుంది."

లైట్లవాళ్లు కిసుక్కున నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఏళ్ల తరబడి పాటల నాటకాలు ఆడించిన మనిషి. స్టేజీ మీద నిశ్శబ్దమంటే ఎవరో మాట మరిచిపోయినట్టే. తెర పక్కనుంచి ఆ మాట అందించడం అతనికి అలవాటు. ఇది మొదటి సినిమా.

సౌండమ్మాయి కాలేజీ రోజుల్లో అతని నాటకం చూసింది. మధ్యలో కరెంటు పోయింది. చీకట్లో తెర వెనకనుంచి అతనొక్కడే పాట ఎత్తుకుంటే, నటులంతా గొంతు కలిపారు. జనంలో ఒక్కరూ లేవలేదు. ఆ సంగతి అతనితో చెప్పే ధైర్యం ఆమెకు లేదు. తిట్టే ధైర్యం మాత్రం దండిగా ఉంది.

"మళ్లీ టేకు మధ్యలో మీరే కూనిరాగం తీశారు."

"నేనా?"

"కాదు, బీరువా తీసింది."

ఆ ఇంట్లో షూటింగుకు ఆఖరి రోజు రానే వచ్చింది. వెళ్లిపోయిన చెల్లెలి బట్టలు అక్క మడతపెట్టే సీను. ఎన్ని టేకులు తీసినా అక్క పాడే పాట సీనుకు అతకలేదు. "ఇది కుదరకపోతే నువ్వు నాటకాలకే వెళ్లిపో బాబూ" అన్నాడు నిర్మాత.

మెట్లమీద కూలబడ్డ డైరెక్టరుకు ఆమె టీ తెచ్చిచ్చింది. "పాట తీసేయండి."

"అది తీసేస్తే నా దగ్గర ఇంకేముంది?"

"స్టేజీ మీదైతే చివరి వరుస దాకా వినిపించాలి. ఇక్కడ ఆవిడ చొక్కా దులిపినా నాకు వినిపిస్తుంది. నమ్మండి."

అతను నమ్మాడు. టేకు మొదలవగానే జేబురుమాలు నోట్లో కుక్కుకున్నాడు. అక్క మడతపెట్టింది, ఆగింది, మళ్లీ మడతపెట్టింది. అంతలో కూనిరాగం.

అందరూ అతనివైపు తిరిగారు. రుమాలుతోనే అడ్డంగా తలూపాడు. రాగం సౌండమ్మాయిది. ఆమెకే తెలియలేదు.

అతను రుమాలు లాగేశాడు. "అది నా నాటకంలో పాట. ఎక్కడ విన్నారు?"

"చివరి వరుసలో. కరెంటు పోయినరోజు."

"ఆ చీకట్లో నాకెవరూ కనపడలేదు."

"మీ గొంతు నాకు వినపడింది" అని తల వంచుకుంది.

తర్వాతి టేకు అయ్యేసరికి నిర్మాత కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

"ఇక గది చప్పుడు" అందామె.

"నిమిషం అయ్యాక మిమ్మల్ని ఒకటి అడగాలి."

"ఇప్పుడా చెప్పేది?"

అతను పెదాలమీద వేలు పెట్టుకున్నాడు. "ఎవరూ మాట్లాడకూడదు."

ఆమె బటన్ నొక్కింది. హెడ్‌ఫోన్స్‌లో కిటికీ రెక్క కదిలింది, అతని ఊపిరి వినిపించింది. తన గుండె చప్పుడు మైకుకు అందుతుందేమోనని భయమేసింది. నిమిషం దాటినా బటన్ మీద ఆమె వేలు కదల్లేదు.

నాటకాల రోజులనుంచీ నటుల బట్టలు చూసుకునే అతని తల్లి, మూల కూర్చుని నటి జాకెట్టుకు గుండీ కుడుతూ దారం కొరికింది. "నిమిషం ఎప్పుడో అయిపోయింది తల్లీ. వాణ్ణి అడగనియ్యి. నాకూ వినాలనుంది."

సౌండమ్మాయి మైకును అతనివైపు తిప్పింది.

"అడగండి. రికార్డవుతోంది, రేపు కాదనడానికి వీల్లేదు."