ఎర్ర పొలుసుల చేప

“సముద్రం బొమ్మకి పురికొస కావాలా? రాయగడలో సముద్రం ఏ వీధిలో ఉందండీ?”

గల్లాపెట్టె ముందు కూర్చున్న కృష్ణచైతన్య ఇలా అడిగేసరికి కొట్లో బేరగాళ్లంతా ఘొల్లుమన్నారు. అడగవచ్చిన బిందుశ్రీ మాత్రం నవ్వలేదు. తడిసిన గొడుగుని సరిగ్గా అతని మీద చినుకులు పడేలా దులిపింది.

“మీ కొట్టెనకాల నాగావళి ఎటెళ్తాదనుకున్నారు? శ్రీకాకుళం దాటి కళ్లేపల్లి కాడ సముద్రంలో కలుస్తాది. ఇక్కడ పారేసిన కవరు అక్కడ మా అమ్మమ్మోళ్ల వల్లో సిక్కుతాది. తెల్సా?”

తెలీదు. తెలిసినా ఆ కళ్లు చూసేక మరిచిపోయేవాడే.

బిందుశ్రీది పక్కనున్న తెరుబలి. తండ్రికి ఫ్యాక్టరీలో పని. ఆదివారాలు రాయగడ వచ్చి బడి హాల్లో పిల్లలకి బొమ్మలు నేర్పుతుంది. ఈసారి ఏటిగట్టున ఏరిన చెత్తతోనే హాలంత చేపని చేయిస్తోంది, సముద్రం కడుపులో ఏముందో చూడండర్రా అని.

ఆ వచ్చే ఆదివారం పురికొస ఉండ మోసుకుని చైతన్యే వెళ్లేడు. ఇక మానలేదు. ఆ ఏడు వానలెలా కురిసేయంటే, మా వీధి కోళ్లు గుడ్లు మానేసి ఈత నేర్చుకున్నాయి. నమ్మకపోతే కోళ్లనే అడగండి. అంత వానలోనూ మనవాడు హాజరు. పైగా ఉపన్యాసాలు!

“ఏట్లో కవరు పారెయ్యడమంటే చేప నోట్లో కుక్కడమే! గుర్తుంచుకోండి!”

పిల్లలు చప్పట్లు. బిందుశ్రీ ఓరచూపు. చైతన్య ఆ రాత్రి అన్నం కూడా నవ్వుతూనే తిన్నాడు.

ఓ ఆదివారం పిల్లలు వంతెన కింద పొదల్లోంచి ఎర్రటి కవర్లు కట్టలుగా లాక్కొచ్చేరు.

“సార్! మాఛొకి పొలుసులు!” అని ఎగిరింది వాళ్లలో చిన్నది, బుల్లి. మాఛొ అంటే వాళ్ల బడి ఒడియాలో చేప.

వాటి మీద తెలుగు అక్షరాలు చూడగానే చైతన్య గబుక్కున కట్టని తిరగేసేడు.

బిందుశ్రీ తెలుగు మాట్లాడితే జలపాతమే గానీ, చదువంతా ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు ఆ పిల్లకి జంతికల్లా కనిపిస్తాయి. చైతన్య పార్వతీపురంలో మేనమామ ఇంట తెలుగే చదువుకున్నాడు.

“ఏటి రాసుందండీ? సదవండి.”

“అదా... అగరబత్తీల కంపెనీ.”

“పెద్దక్షరాలతో రెండు వరసలున్నాయే?”

“ఇద్దరు పార్ట్‌నర్లు. తర్వాత విడిపోయేరు.”

“అయ్యో,” అంది బిందుశ్రీ. జాలిగా రెండు కవర్లు చేప పొట్టకి కుట్టింది.

చేపని ఊరికి చూపించే ప్రదర్శన నాడు తెరుబలి నుంచి వాళ్లమ్మ పాపాయమ్మ వచ్చింది. శ్రీకాకుళంలో ఎనిమిది చదివిన మనిషి. చేప దగ్గర ఆగి, కళ్లజోడు సర్ది, గట్టిగా చదివింది.

“చిరంజీవి కృష్ణచైతన్య, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి సుజన... ఓలమ్మీ! ఇయి తాంబూలం సంచులే! మీ సారుకి పెళ్లైపోనాదేటి?”

బిందుశ్రీ మొహం పాలిపోయింది.

“పార్ట్‌నర్లన్నారు?”

“పెళ్లి అవలేదండీ. ముహూర్తం ముందర సుజన తనకి నచ్చినోణ్ణి సేసుకుంది.”

“పాపం! ఆ ఉక్రోషంలో ఆడపెళ్లోళ్లే ఏట్లో పారేసుంటారు,” అంది పాపాయమ్మ.

అవునని తలూపితే చాలు. బిందుశ్రీ కళ్లు అప్పుడే మెత్తబడుతున్నాయి. చైతన్య తల సగం ఊగింది కూడా. పిల్లలు తననే చూస్తున్నారు. ఊగిన తల అక్కడే వంగిపోయింది.

“ఆళ్లు కాదు. నేనే. గోడౌన్లో ఆ కట్టలు సూసి వచ్చినోడల్లా నవ్వుతుంటే సిగ్గేసింది. తెల్లారగట్ల మోసుకెళ్లి వంతెన మీంచి తోసేసేను. అప్పుడవి కళ్లకి కనబడకపోతే సాలనుకున్నాను.”

“చేప నోట్లో కుక్కింది మీరేనా సార్?” అంది బుల్లి.

“నేనేనమ్మా.”

చెవులు మండుతుంటే గుమ్మం వైపు నడిచేడు.

“ఎక్కడికి?” బిందుశ్రీ అడ్డొచ్చింది.

“ఇంకే మొహం పెట్టుకుని ఉండను?”

“ఈ మొహంతోనే. బయట ఇంకో జట్టు పిల్లలున్నారు. ఇప్పుడు మాకు సెప్పినట్టే ఆళ్లకీ సెప్పండి.”

చెప్పేడు. జట్టు తర్వాత జట్టు. “ఈ పేరు నాదే. పారేసింది నేనే. ఇంకా కొన్ని సముద్రం దాకా పోయుంటాయి, అవి వెనక్కి తేలేను.” చెప్పినప్పుడల్లా ఎర్రబడ్డాడు. ఉపన్యాసాలకి చప్పట్లు కొట్టిన పిల్లలు ఈసారి కొట్టలేదు. ఇంట్లో ఏ సంచీ మానెయ్యొచ్చో వాళ్లలో వాళ్లే గుసగుసలాడుకున్నారు.

సాయంత్రం వాన మొదలైంది. హాలు ఖాళీ. బిందుశ్రీ టీ గ్లాసు అందించింది.

“కోపం పోయిందా?” అడిగేడు చైతన్య.

“పోలేదు. సదవడం రాదని నన్ను మోసం సేసేరు. కానీ తప్పించుకోడానికి మా అమ్మ దారి సూపినా మీరు నిజమే సెప్పేరు.”

సుద్దముక్క అతని చేతిలో పెట్టింది.

“తెలుగు నేర్పండి. ముందు నా పేరు.”

బోర్డు మీద రాసేడు. ఆమె వేలితో ఒక్కో అక్షరం తడిమింది.

“పక్కన మీది.”

రాసేడు. రెండు పేర్లూ పక్కపక్కన చూసుకుని ఇద్దరూ తలొంచుకున్నారు.

గొడుగు కోసం వెనక్కొచ్చిన పాపాయమ్మ గుమ్మంలోనే నిలబడి, రెండు పేర్లూ నిదానంగా చదివింది.

“బానే ఉంది గానీ బాబూ, ఈసారి సంచుల మీద అచ్చుకి ఇయ్యకండి!”