ఎకానెమ్ పెంచిన చేతులు

ఊఁ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి, కొట్టనివాళ్ళు వాకిట్లోకి వెళ్ళి కూర్చోండి. నది ఇవతల జరిగినదాన్ని నది అవతలికి వినబడనంత మెల్లగా చెబుతాను. నమ్మితే నిజం, నమ్మకపోతే కథ.

అనగనగా మన నది ఒడ్డున కలబార్ పట్టణం. ఆ పట్టణపు సంతలో, ఎండుచేపల వరుస దాటగానే, అరిత్ జడలల్లే కొట్టు.

జడలల్లే పనిలో చేతులు దింపే వీలుండదు. పొద్దున ఎత్తిన చేతులు సాయంత్రం దాకా ఎత్తే ఉండాలి. అరిత్ పడుచుదనమంతా అలాగే గడిచింది. ఒకప్పుడు ఆమె చేతులు సంతలో పేరుపడ్డవి. భుజం నుంచి మోచేతి దాకా కడిగిన అరటిబోదెల్లా నున్నగా, నిండుగా ఉండేవి. ఆ తరువాత షుగరు జబ్బు వచ్చింది. డాక్టర్లు బెదిరించగా ఆమె నోరు కట్టుకుని ఒళ్ళు తగ్గించుకున్నది. జబ్బు అదుపులోకి వచ్చింది గానీ, చేతుల కింద చర్మం మాత్రం ఖాళీ సంచుల్లా వేలాడసాగింది. చేయి ఎత్తితే ఊగేది. ఉక్కపోతలో మడతలు ఒరుసుకుని పుండ్లు పడేవి. జడ వేయించుకోవడానికి కింద కూర్చున్నవాళ్ళ చెవులకు ఆ చర్మం తగిలేది.

"ఏమే అరిత్, జడకు డబ్బులిస్తే విసనకర్ర ఊరికే ఇస్తున్నావా?" అని ఒకావిడ అడిగితే కొట్టంతా నవ్వింది. అరిత్ కూడా నవ్వింది. మరునాటి నుంచి ఎంత ఉక్కగా ఉన్నా పొడుగు చేతుల రవికలే వేసుకున్నది. చెమటకు పుండ్లు మరింత పెరిగాయి. ఇక చేతులు ఎత్తలేని రోజు వస్తుందని, ఆ రోజుతో తన బతుకుతెరువు ముగుస్తుందని ఆమెకు తెలుసు.

అందుకే డాక్టర్ ఇన్యాంగ్ దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమె రెండు చేతులనూ ఎత్తించి, దింపించి, ఫోటోలు తీసుకున్నాడు. చంక నుంచి మోచేతి వరకు లోపలి వైపున కోసి, వదులు చర్మం తీసివేసి కుడతానన్నాడు. మచ్చ ఉంటుందని, మన నల్లటి ఒంటి మీద అది దళసరిగా తేలే ప్రమాదం కూడా ఉందని దాచకుండా చెప్పాడు. ఆపైన కొన్ని వారాలు చేతులకు బిగుతు తొడుగు వేసుకోవాలి, బరువు ఎత్తకూడదు, మొదట్లో చేతులు పైకే ఎత్తకూడదు. తల దువ్వడానికీ అన్నం పెట్టడానికీ ఇంట్లో మనిషి ఉండాలని గట్టిగా చెప్పాడు.

ఆ మనిషి కోసమే అరిత్ ఆ సాయంత్రం పిన్ని అతిమ్ ఇంటికి వెళ్ళింది. నది ఒడ్డున ఉన్న ఆ పాత ఇల్లు వాళ్ళ తల్లులదీ, అమ్మమ్మలదీ. వాన అప్పుడే మొదలైంది. కలబార్ వానకు వేళాపాళా ఉండదు. మబ్బు కమ్మితే దీపాల వేళకు ముందే చీకటి పడుతుంది.

అతిమ్ అంతా విన్నది. కోతకు ఆమె అడ్డు చెప్పలేదు. అన్నం పెడతానన్నది, తల దువ్వుతానన్నది. ఆ ఒప్పుకోలుతో అరిత్‌కు గుండె బరువు దిగి, లోపలి బాధ ఒకటి నోటికి వచ్చింది. ఈ చేతులు అమ్మమ్మ ఎకానెమ్ పెంచినవని, కోయించుకోవాలంటే అందుకే మనసు పీకుతున్నదని అన్నది.

పెళ్ళీడు వచ్చిన పిల్లను, ఒళ్ళు నిండాలని, ఆ రోజుల్లో ఒక నెల నింపుడు గదిలో కూర్చోబెట్టేవారు. పని చెప్పరు, ఎండ తగలనివ్వరు. దంచిన పెండలం ముద్దలు, ఆకుకూర పులుసు తినిపించి, ఒంటికి గింజల నూనె రాసి, పెద్దామె ఒకతె రోజూ మర్దనా చేస్తుంది. దిష్టి తగలకుండా ఆ మర్దనా ఎప్పుడూ చీకట్లోనే. పిసికే చేతుల్ని పిల్ల చూడకూడదు, నిండుతున్న ఒంటిని పెద్దామె చూడకూడదు. అరిత్‌ను నింపినది అమ్మమ్మే.

"ఆఖరి రోజు దాకా ఒక్క పూట కూడా మానలేదు పిన్నీ. రెండు నొక్కులు, ఒక తిప్పు. ఇప్పటికీ నా భుజాలకు గుర్తే."

అతిమ్ దీపంలో పోస్తున్న ఆముదపు గిన్నెను కింద పెట్టింది.

"ఆఖరి రోజు దాకానా?"

"అవును. ఆ తెల్లారే కదా నన్ను బయటికి తెచ్చారు. అమ్మమ్మకు జ్వరమని, అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళామని, అక్కడే పోయిందని చెప్పారు."

అప్పుడు అతిమ్ చెప్పినది ఇది: ఎకానెమ్ చనిపోయింది అప్పుడు కాదు. అరిత్ గదిలో ఉండగానే, నెల సగంలో, నిద్రలోనే పోయింది. నింపుడు గదిలోని పిల్ల ఏడుపు వినకూడదు. వింటే పెరిగినదంతా కరిగిపోతుందని పెద్దల నమ్మకం. అందుకని ఇంట్లో ఎవరూ గొంతెత్తలేదు. శవాన్ని పడవలో అవతలికి దాటించి అక్కడ ఏడ్చి వచ్చారు.

"మరి నాకు మర్దనా చేసింది ఎవరు?"

"మీ అమ్మ చేస్తోందని నేననుకున్నా. నేను చేస్తున్నానని మీ అమ్మ అనుకుందిట. మీ అమ్మ పోయే ముందు ఒకసారి మా మధ్య ఆ మాట వచ్చింది... ఇద్దరం మళ్ళీ దాని ఊసెత్తలేదు."

ఇంటి కప్పు మీద వాన హోరు పెరిగింది. అరిత్ తన రెండు చేతులనూ ఒళ్ళో పెట్టుకుని, అవి వేరెవరివో అయినట్టు చూసింది.

ఆ గది మూసే పద్ధతి ఒకటున్నది. బయటికి వచ్చే రోజున పిల్ల తన కుడిచేత్తో నింపిన పెద్దామెకు ఒక ముద్ద పెట్టి, 'నిండింది' అనాలి. అప్పుడు ఆ చేతులకు సెలవు. అరిత్ ముద్దను ఆ రోజు గడప మీద పెట్టారు. కోళ్ళు తిన్నాయి.

"ఆ మాట చెప్పి ముద్ద పెట్టిరా. తరువాత ఎవరి చేతైనా కోయించుకో. చెప్పకుండా కోయిస్తే మాత్రం..." అంటూ అతిమ్ లేచి పెండలం దంచింది.

గది ఇంటి వెనుక ఉన్నది. అరిత్ దీపం లేకుండా లోపలికి వెళ్ళింది. తడి గోడల వాసన. ఎలుకల వాసన. వాటి అడుగున, ఎంతో కాలంగా ఎవరూ ఆ ఇంట్లో కాచని గింజల నూనె వాసన. చేత్తో తడుముకుని పాత చెక్కమంచం మీద కూర్చున్నది. కుడి పిడికిలిలో ముద్ద వెచ్చగా ఉన్నది. చేయి ముందుకు చాచింది. వాన శబ్దం గోడల అవతల ఉండిపోయింది. గదిలో తన ఊపిరి తప్ప ఏమీ లేదు.

తరువాత రెండు ఊపిరులు ఉన్నాయి.

చేతులు వెనుక నుంచి వచ్చాయి. తొందర లేదు. వేలాడే చర్మాన్ని కింద నుంచి గుప్పిట్లోకి తీసుకున్నాయి... బరువు చూసినట్టు పైకి ఎత్తాయి... వదిలాయి. మళ్ళీ తీసుకున్నాయి. రెండు నొక్కులు. ఒక తిప్పు. అరిత్ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆమెకు భయం వేయలేదు అప్పటికి. పదహారేళ్ళ ప్రాయంలో ఆ చేతుల కింద నిద్రపోయిన సుఖమే గుర్తుకు వచ్చింది.

చెవి పక్కన గొంతు గుసగుసలాడింది.

"ఎవరే దీన్ని ఖాళీ చేసింది?"

"నేనే, అమ్మమ్మా. జబ్బు చేసింది..."

నొక్కులు ఆగలేదు. ఇప్పుడు కాస్త గట్టిగా ఉన్నాయి. వేళ్ళు చర్మంలో ఏదో వెతుకుతున్నాయి. అరిత్ ముద్ద ఉన్న చేయిని ఇంకా ముందుకు చాచింది.

"నిండింది, అమ్మమ్మా. ఇక చాలు. ఇదుగో, ముద్ద తిను."

చేతులు ఆగాయి.

చాచిన పిడికిలి మీద ఊపిరి తగిలింది. చల్లగా... బావిలోంచి వచ్చినట్టు. పెదవులు వేళ్ళను తాకాయి. అక్కడ ఆగలేదు. మణికట్టు దాటాయి. మోచేయి దాటాయి. చేయి లోపలి వైపున, మెత్తటి చోట, తెరుచుకున్నాయి. నొప్పి లేదు. నమిలే చప్పుడు మాత్రం ఉన్నది... పళ్ళు లేని నోటి చప్పుడు... నిదానంగా, రుచి చూస్తూ.

"నీకు నిండింది సరే. నా సంగతేమిటే? ఆకలితో పంపేశారు నన్ను."

వేళ్ళు ఆమె ఎడమ చేతి వైపు జరిగాయి.

"ఇంకో ముద్ద పెట్టవే, తల్లీ."

ఎలా బయటపడ్డదో ఆమెకు గుర్తులేదు. వాకిట్లో, వానలో, అతిమ్ లాంతరు పట్టుకుని ఎదురొచ్చింది. అమ్మమ్మ తిన్నదా అని అడిగింది. అరిత్ తల ఊపింది. తిన్నదని చూపడానికి కుడి పిడికిలి విప్పింది.

ముద్ద అలాగే ఉన్నది. దాని మీద ఒక్క వేలి గుర్తు కూడా చెదరలేదు.

మరునాడు డాక్టర్ ఇన్యాంగ్ ఆమె రవిక కుడి చేయి పైకి లాగి చూశాడు. తను తీసిన ఫోటోను తెచ్చి ఆ చేతి పక్కన పట్టుకున్నాడు. ఫోటోలో చర్మం వేలాడుతున్నది. ఎదుట ఉన్న చేయి సన్నగా, బిగువుగా ఉన్నది. కోయడానికి చిటికెడు కూడా లేదు. ఎడమ చేయి మాత్రం ఎప్పటిలాగే వేలాడుతున్నది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఆయన చంక నుంచి మోచేతి దాకా వేలితో తడిమాడు. అక్కడ సన్నటి గీత ఉన్నది. ఎప్పుడో మానిపోయి, ఒంటి రంగులో కలిసిపోయిన మచ్చ.

"ఇది పాత గాటమ్మా. చాలా పాతది. నేను కోసినా ఇక్కడే కోసేవాణ్ణి." ఆయన గొంతు తగ్గించాడు. "ఎవరు చేశారు? కుట్టు జాడే లేదు."

అరిత్ ఎడమ చేతి కోతకు తొందరగా రోజు పెట్టమని మాత్రం అడిగింది. ఆ చర్మం తన ఒంటి మీద ఉండకూడదని, దాన్ని కత్తికే ఇస్తానని అన్నది. ఆయన దగ్గరి రోజే పెట్టాడు. అప్పటి దాకా ఆమె నది ఒడ్డు వైపు వెళ్ళలేదు. దీపం ఆర్పకుండా పడుకున్నది. ఎవరినీ తాకనివ్వలేదు, ఎవరి చేతి ముద్దా తినలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి పిన్ని అతిమ్ వచ్చింది. ఆమెకు బట్టలు తొడగబోయింది. కుడి చేయి సులువుగా దూరింది. ఎడమ చేయి దూరలేదు. రవిక చెయ్యి మోచేతి దగ్గరే బిగుసుకుని చిరిగింది. అతిమ్ ఆ గుడ్డను తొలగించి చూసింది. నిన్నటి దాకా ఖాళీగా వేలాడిన ఆ చేయి నున్నగా, నిండుగా, గింజల నూనెతో మెరుస్తూ, అప్పుడే కలిపిన ముద్దలా పొగలు కక్కేంత వెచ్చగా ఉన్నది.

ఈ మాట నాకు మొదట చెప్పినది ఆ చేతిని తాకి చూసిన అతిమే. ఆమె మా అమ్మమ్మ.