చిలక ఎక్కిన లిఫ్టు

మా ఆఫీసు లిఫ్టుకి మంచి పేరు లేదు. పొద్దుపోయాక అందులో ఎవరూ ఒంటరిగా ఎక్కరు. ఎవరూ మీట నొక్కకపోయినా నాలుగో అంతస్తులో ఆగుతుందంటారు. ఆగి, కాసేపు ఎవరి కోసమో చూస్తుందంటారు… నేను నమ్మను. నమ్మను గానీ, ఈ మోకాళ్ళ నొప్పులతోనే మెట్లెక్కుతాను.

నాలుగేళ్ళ కిందట లిఫ్టాయన పోయింది అక్కడే. పాతకాలపు లిఫ్టు, ఇనప జాలీ తలుపు చేత్తో లాగాలి. ఆయనకో అలవాటు — తలుపు లాగి, మావైపు తిరిగి, "జాగ్రత్త, మెల్లగా, ఒకరి తర్వాత ఒకరు" అంటూ వెనక్కి అడుగులేస్తూ లోపలికెళ్ళేవాడు. ఇరవై ఏళ్ళు అలాగే ఎక్కాడు. ఆ రోజు గొళ్ళెం పాడై, లిఫ్టు రాకుండానే తలుపు తెరుచుకుంది. చూసుకోలేదు పాపం.

ఇంత ఘోరం జరిగితే, మా తపాలా సెక్షన్ గుమాస్తా దాన్ని జోకు చేశాడు. వాడికి మేం పెట్టిన పేరు చిలక. ఎవరి గొంతైనా దించేస్తాడు. లిఫ్టాయన గొంతైతే అచ్చం… "జాగ్రత్త, మెల్లగా, ఒకరి తర్వాత ఒకరు" అంటూ వెనక్కి నడిచి, దబ్బున కింద పడి, "మీరు మెల్లగా రండి, నేను ముందెళ్తున్నా!" అనేవాడు.

మేం పొట్టలు పట్టుకునేవాళ్ళం. నేనూ నవ్వానండీ, అబద్ధమెందుకు. "చచ్చినాయన మీద ఏంట్రా" అని తిట్టేదాన్ని. మళ్ళీ ఎవరైనా కొత్తగా చేరితే, "చిలకా, అది చెయ్యి" అని నేనే అడిగేదాన్ని. సిగ్గులేని జన్మ.

ఇక వాడికి జరిగింది వినండి. వాడు చెప్పిందే చెప్తున్నాను, నా సొంతం ఒక్క ముక్క లేదు.

ఆ మధ్యాహ్నం, కొత్తవాళ్ళెవరో చేరారని కాంటీన్‌లో ఆ జోకు మరోసారి వేశాడు. సాయంత్రం ఏడు దాటింది. అందరూ వెళ్ళిపోయారు. ఆరో అంతస్తు నుంచి కవర్ల కట్ట మోసుకుని మెట్లు దిగే ఓపిక లేక లిఫ్టెక్కాడు. ఐదో అంతస్తు దాటింది…

టప్. కరెంటు పోయింది.

చిమ్మచీకటి. ఫోను బల్ల మీదే వదిలేసి వచ్చాడు, తెలివిగలవాడు. "ఎవరైనా… ఉన్నారా?" అన్నాడు.

కిర్రు… కిర్రు…

లిఫ్టు జానెడు కిందికి దిగింది.

కరెంటు లేదు. అయినా దిగుతోంది… నాలుగో అంతస్తుకి.

కవర్లన్నీ జారిపోయాయి. తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాడు, తెలియనివాళ్ళని కూడా. అప్పుడు పైనుంచి, ఆడో మగో తెలియని గుసగుస —

"ఆ జోకు… చెప్పండి."

దెయ్యం 'అండి' అనేసరికి వాడికి రెండింతలు భయమేసిందట.

"తప్పయిపోయింది అన్నా! ఇదిగో, చెంపలేసుకుంటున్నా!" అని చీకట్లో టపటపా వాయించుకున్నాడు. "నేనొక్కణ్ణేనా? రికార్డు సెక్షన్ అక్క నాకంటే ఎక్కువ నవ్వింది!"

చూశారా, ముందు నన్నే ఇరికించాడు, దొంగవెధవ.

కిర్రు… ఇంకో జానెడు.

"మధ్యాహ్నం చెప్పారు కదా… అలాగే."

చేసేదేం లేక మొదలుపెట్టాడు. "జాగ్రత్త… మెల్లగా… ఒకరి తర్వాత ఒకరు…" అక్కడికొచ్చేసరికి ఆగిపోయాడు. వందసార్లు చెప్పిన జోకు వాడు వినడం అదే మొదటిసారి. అందులో ఒక మనిషి పడిపోతున్నాడు.

"ఆ చివరి ముక్క నావల్ల కాదు" అని భోరుమన్నాడు.

"అదొద్దు. ముందుది… మళ్ళీ."

చెప్పాడు. మూడుసార్లు. వాడు మాట్లాడినంతసేపూ పైన ఆ కిర్రు చప్పుడు ఆగిపోయేది…

ధబ్. లిఫ్టు అంతస్తుకి సమంగా ఆగింది. జాలీ లాగి, నాలుగో అంతస్తు వరండాలోకి పాక్కుంటూ వచ్చిపడ్డాడు. పై మెట్ల మీంచి టార్చి వెలుతురు. ఒకమ్మాయి దిగుతోంది… అరచేతుల నిండా గ్రీజు.

లిఫ్టాయన కూతురు! నాలుగేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే, తండ్రి ఉద్యోగం ఆ రోజే చేతికొచ్చింది. కరెంటు పోతే లిఫ్టు నడిపేవాళ్ళే పై గదికెళ్ళి, చక్రం చేత్తో తిప్పి, లిఫ్టుని కింది అంతస్తుకి చేర్చాలి. ఇనపతాళ్ళు దిగే కంతలోంచి మాట కూడా దిగుతుంది. దెయ్యమూ లేదు, పాడూ లేదు.

చిలక ఆ పిల్ల కాళ్ళ మీద పడబోయాడు. "నన్ను కొట్టమ్మా!"

"కొట్టేదాన్నే. మధ్యాహ్నం కాంటీన్‌లో పళ్ళెం విసురుదామని లేచాను" అంది. "ఇంతలో మీరు 'జాగ్రత్త' అన్నారు… కూర్చుండిపోయాను. నాన్న ఫొటోలు బోలెడున్నాయి. గొంతు ఒక్కటీ లేదు. ఎలా ఉండేదో మర్చిపోతున్నానని అమ్మ ఏడుస్తోంది."

ఫోను తీసి రికార్డు మీట నొక్కింది. "రోజూ ఈ వేళకి ఫోన్ చేసి 'భోంచేశావా' అనేవాడు. అదొక్కటి అనండి."

అన్నాడు.

"ఊహూఁ. ముందు దగ్గుతాడు."

దగ్గాడు. మళ్ళీ అన్నాడు… "భోంచేశావా?"

ఆ పిల్ల రికార్డు ఆపడం మర్చిపోయి, "ఇంకా లేదు నాన్నా" అందిట.