దిగుడుబావిలో ఏటవాలు వెలుగు

పెనుకొండ కిందుండే ఆ దిగుడుబావి పేరెత్తితే ఆటోవాళ్లు రాత్రిపూట బాడుగే వద్దంటారు. నీళ్లెండిపోయిన బావి... పొద్దుగూకితే అడుగునుంచి మనుషులు గొణుగుతాంటారంట. నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు.

దాని గట్టుమీదనే, ఆ బావి తవ్వినోళ్ల వంశమైన నరసక్క గుడిసె. ప్లాట్లేసే వాళ్లు ఖాళీ చెయ్యమని మీద పడినారు. ఆయమ్మ మనవరాలు స్వాతి ధర్మవరంలో శివశంకర్ సార్ దగ్గర పాతకాలం రాతలు చదవను నేర్చుకుంటాండాది. బావిగోడ మీది శాసనం ఆ పిల్లే కూడబలుక్కుని చదివింది. బావీ, చుట్టూ నేలా... బావి తవ్విన కూలోళ్లకీ వాళ్ల వంశానికే చెందుతాయని ఉండాది! అరిగిన అక్షరాలు, ఫోటో చెల్లదన్నారు. తెల్లారితే ఆఫీసరు రాయి చూసేకి వస్తాడు.

ఈ సంగతి స్వాతి సార్‌కొక్కడికే చెప్పింది.

"మంచి పని చేసినావు పాపా. రాత్రి మాత్రం బావి పక్కకు పోవద్దు. చెడ్డ చోటు" అన్నాడాయన.

ఆ రాత్రి బావిలోనుంచి... టక్... టక్...

"పోవద్దే తల్లీ!" అవ్వ చెయ్యి పట్టుకునింది.

"రాయికేమన్నా అయితే యాడికి పోతాం అవ్వా?"

స్వాతి దిగింది. కింద గోడమీద వెలుగు — కొరివిదెయ్యం మాదిరి ఎగరలేదు, ఆడలేదు. పక్కనుంచి ఏటవాలుగా పడతాండాది.

అరిగిన అక్షరానికి లైటు ఎదురుగా కొట్టగూడదు, పక్కనుంచి పట్టాల... అది సార్ నేర్పిన మొదటి విద్య. దెయ్యానికెవురు నేర్పినారు?

ఉలి, సుత్తి. కూలోళ్ల పేరున్న వరస పొడిపొడిగా రాలతాండాది.

"సార్..."

ఆయన తిరగలేదు. "రావద్దంటి గదమ్మా. ఆ ప్లాట్లు మా బామ్మర్దివి."

దెయ్యమే అయ్యుంటే ఎంత బాగుండు! నమ్మించి గొంతు కోసినాడు గదా, అక్షరాలు దిద్దించిన చేత్తోనే! స్వాతికి ఏడుపు తన్నుకొచ్చింది.

ఉలి ఇంకా తగలని వరస ఒకటే మిగిలింది. దానశాసనాల చివర మామూలుగా ఉండే శాపం. అన్నిట్లోనూ ఉంటాదని సార్ ముందుగా వల్లె వేయించిందీ అదే.

స్వాతి గట్టిగా చదివింది. "ఈ ధర్మము చెరిపినవారు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోదురు."

అడుగునుంచి గొంతులు లేచినాయి. ఆడోళ్లవి, మొగోళ్లవి... బళ్లో పిల్లోళ్ల మాదిరి అదే మాట వల్లె వేస్తా.

సార్ చేతిలో లైటు జారి మెట్లమీద దొర్లుకుంటా పోయింది. "చాల్లే స్వాతీ... ఆపమ్మా..." అన్నాడు.

స్వాతి ఎప్పుడో నోరు మూసుకునింది.